గర్భసంచి ఉంచి గడ్డలు మాత్రమే తీయించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

"ఫలానా ఆవిడకి గర్భసంచి ఆపరేషన్ అయింది" అని ఎవరన్నా అంటే మనకి ఒకటే అర్థమవుతుంది, సంచి తీసేశారని. ఇంకో రకం ఆపరేషన్ ఉంటుందన్న ఆలోచన కూడా రాదు. అందుకే స్కానింగ్ రిపోర్టులో ఫైబ్రాయిడ్ అన్న మాట కనపడగానే ఇక పిల్లలు పుట్టరని ఇంట్లో అందరూ దిగులు పడిపోతారు. గడ్డను ఒలిచి తీసేసి, గర్భసంచిని కుట్టి అలాగే ఉంచే ఆపరేషన్ ఉంది. దాని పేరు మయోమెక్టమీ. గైనకాలజిస్టుగా ఓపీలో నన్ను రోజూ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ఫైబ్రాయిడ్ అంటే క్యాన్సరా?

కాదు. గర్భసంచి గోడంతా కండరమే. ఆ కండరంలో ఒక్క కణం అదుపు తప్పి పెరుగుతూ పోతే గట్టి ఉండలా తయారవుతుంది. అదే ఫైబ్రాయిడ్. శనగగింజంత ఉండొచ్చు, పుచ్చకాయంత కావచ్చు. ఒకటే ఉండొచ్చు, ఇరవై ఉండొచ్చు. 50 ఏళ్ళు వచ్చేసరికి సగం మందికి పైగా ఆడవాళ్ళలో ఎంతో కొంత ఉంటాయి. చాలామందికి ఆ సంగతే తెలియదు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్ల వల్ల పెరుగుతాయి కాబట్టి నెలసరి ఆగిపోయాక మెల్లగా కుంచించుకుపోతాయి.

చూడ్డానికి ఫైబ్రాయిడ్‌లాగే ఉండే సార్కోమా అనే క్యాన్సర్ ఒకటుంది. అది చాలా అరుదు. నెలసరి ఆగిపోయాక కూడా గడ్డ పెరుగుతుంటే మాత్రం అనుమానించి తీరాలి.

గడ్డ ఉందంటే తీయించుకోవాల్సిందేనా?

అక్కర్లేదు. ఏ ఇబ్బందీ లేకుండా, వేరే దేనికో స్కానింగ్ చేస్తే బయటపడిన 3 సెంటీమీటర్ల గడ్డను ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి చూసుకుంటే చాలు. ప్యాడ్ గంటకోసారి మార్చాల్సి వస్తుంటే, రాత్రి దుప్పటి తడిసిపోతుంటే, ఒంట్లో రక్తం తగ్గిపోతుంటే, మూత్రం మాటిమాటికీ వస్తుంటే, పొత్తికడుపు ఎత్తుగా గట్టిగా తగులుతుంటే, గర్భం రాకపోవడానికో నిలవకపోవడానికో గడ్డే కారణమని తేలితే అప్పుడు తీయాలి. "పెళ్ళికి ముందే తీయించేస్తే పోతుంది కదా" అని చిన్న గడ్డకు ఆపరేషన్ చేయించే తల్లిదండ్రులున్నారు. అలా చేయించకండి. కత్తి పెట్టిన ప్రతిసారీ గర్భసంచి మీద ఒక మచ్చ మిగులుతుంది.

పిల్లలు పుట్టకపోవడానికి గడ్డే కారణమా?

గడ్డ ఎంత పెద్దది అనేదాని కంటే ఎక్కడుంది అనేది ముఖ్యం. గర్భసంచిని ఒక గది అనుకోండి. గది లోపలికి పొడుచుకొచ్చిన గడ్డ 2 సెంటీమీటర్లే అయినా పిండం అతుక్కునే చోటును పాడు చేస్తుంది. అలాంటిది తీసేస్తే గర్భం వచ్చే అవకాశం మెరుగవుతుంది. గది బయట గోడకు వేలాడే గడ్డ 8 సెంటీమీటర్లున్నా గర్భానికి సాధారణంగా అడ్డురాదు. గోడ మధ్యలో ఉన్నదాని విషయంలోనే డాక్టర్ల మధ్య వాదనలున్నాయి. అది లోపలి గదిని వంకర చేస్తోందా, ఎంత పెద్దది, ఇంతకుముందు గర్భస్రావాలు అయ్యాయా అన్నవి చూసి నిర్ణయించాలి.

మీ రిపోర్టులో 'ఫిగో టైప్' అని 0 నుంచి 8 వరకు ఏదో ఒక అంకె ఉండొచ్చు. 0, 1, 2 అంటే లోపలికి పొడుచుకొచ్చినవి. 3, 4 గోడలోవి. 5, 6, 7 బయటివైపువి. 8 అంటే గర్భసంచి ముఖద్వారం లాంటి వేరే చోట ఉన్నవి. రిపోర్టులో ఈ అంకె లేకపోతే "గడ్డ లోపలి పొరకు తగులుతోందా?" అని స్కానింగ్ చేసిన డాక్టర్‌ని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం సంగతి తేలుతుంది.

ఇంకో మాట. పిల్లల కోసమే ఆపరేషన్ అనుకుంటే, దానికి ముందు భర్తకు వీర్య పరీక్ష జరగాలి. ఆవిడ పొట్ట కోసి గడ్డ తీసేసి, ఏడాది ఎదురుచూసి, అప్పుడు ఆయన రిపోర్టు చూస్తే కణాలు లేవని తెలియడం నేను చూశాను. ఆ పరీక్షకు అయ్యేది కొన్ని వందల రూపాయలు, ఒక గంట సమయం. "మా అబ్బాయికేం లోపం లేదు" అని అత్తగారు అన్నా సరే, చేయించండి.

నాకు 32 ఏళ్ళు, ఇంకా పిల్లల్లేరు. గర్భసంచి తీసేయడమే మంచిదని చెప్పారు. ఏం చేయాలి?

రెండో డాక్టర్ని కలవండి. ఫైబ్రాయిడ్లు పెద్దవైనా, ఎక్కువున్నా, గర్భసంచి ఉంచి వాటిని తీయడం చాలావరకు సాధ్యమే. కావాల్సింది ఆ పని అలవాటున్న చేయి.

ఈ విషయంలో మన దగ్గర పరిస్థితి బాధ కలిగిస్తుంది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను అడిగితే, గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు తేలారు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. మన ఆడవాళ్ళ గర్భసంచులకు మాత్రమే వేరే జబ్బులు రావు కదా. తెల్లబట్టకి, నడుం నొప్పికి, "ఇక దాంతో పనేముంది" అన్న మాటకి కూడా సంచులు పోయాయి.

లండన్‌లో విక్టర్ బోనీ అనే సర్జన్ ఉండేవారు. ఆయన భార్యకు ఫైబ్రాయిడ్ల వల్ల విపరీతంగా రక్తం పోయి, చిన్న వయసులోనే గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఆ రోజుల్లో ఫైబ్రాయిడ్ అంటే సంచి తీసేయడమే పద్ధతి. బోనీ సంచి ఉంచి గడ్డలు తీసే పద్ధతిని మెరుగుపరచడానికి ఎన్నో ఏళ్ళు వెచ్చించారు. ఆపరేషన్ చేస్తుండగా రక్తనాళాలను తాత్కాలికంగా నొక్కిపట్టే క్లాంపు ఒకటి తయారుచేశారు. దాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. అది వందేళ్ళ కిందటి మాట. అప్పుడే సాధ్యమైనది ఇప్పుడెందుకు కాదు?

అయితే ఒకటి నిజాయితీగా చెప్పాలి. ఫైబ్రాయిడ్ వేరు, అడినోమయోసిస్ వేరు. రెండోదాంట్లో గడ్డకు హద్దు ఉండదు, కండరమంతా చిక్కబడి ఉబ్బుతుంది. దాన్ని ఒలిచి తీయడం కష్టం. స్కానింగ్‌లో ఒక్కోసారి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అనుమానం ఉంటే ఎమ్మారై తీయిస్తాం.

మందులతో కరగవా?

పూర్తిగా కరిగించే మందు లేదు. ట్రానెక్సామిక్ యాసిడ్ బిళ్ళలు నెలసరి రోజుల్లో రక్తస్రావాన్ని తగ్గిస్తాయి, గడ్డ జోలికి పోవు. ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ నెలకొకటి చొప్పున మూడు నెలలు ఇస్తే నెలసరి ఆగుతుంది, గడ్డ తగ్గుతుంది, రక్తం పుంజుకుంటుంది. ఆపేస్తే గడ్డ మళ్ళీ పెరుగుతుంది. ఒళ్ళు ఆవిర్లెత్తడం, చెమటలు ఉంటాయి. ఆపరేషన్‌కు ముందు అందరికీ ఇవ్వను. ఇంజెక్షన్ తర్వాత గడ్డ చుట్టూ ఉండే పొర అతుక్కుపోయి ఒలవడం కష్టమవుతుంది, చిన్న చిన్నవి చేతికి దొరక్కుండా తప్పించుకుంటాయి.

గడ్డకు రక్తం అందించే నాళాన్ని మూసేసే ఎంబొలైజేషన్ మంచి చికిత్సే. కానీ పిల్లలు కావాలనుకునేవాళ్ళకు అది మొదట చెప్పే దారి కాదు. ఆకుపసరులు, కషాయాలు తాగుతూ రెండేళ్ళు గడిపి, హిమోగ్లోబిన్ 5కి పడిపోయాక వచ్చేవాళ్ళను చూస్తే మాత్రం గుండె తరుక్కుపోతుంది.

ఆపరేషన్ ఎన్ని రకాలు? నాకు ఏది?

గడ్డ గది లోపల ఉంటే హిస్టరోస్కోపీ. పొట్ట మీద కోత ఉండదు. కింది నుంచి సన్నని కెమెరా గొట్టం పంపి, సెలైన్‌తో గర్భసంచిని ఉబ్బించి, గడ్డను పలచగా చెక్కి తీస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్తారు. లోపలికి పోసిన నీరు ఎంత, తిరిగి వచ్చింది ఎంత అని ఒక సిస్టర్ పక్కనే నిలబడి లెక్క రాస్తుంటుంది. ఆ నీరు ఒంట్లోకి ఎక్కువగా ఇంకితే ఊపిరితిత్తులకు ప్రమాదం. అందుకే పెద్ద గడ్డైతే "సగం తీశాం, మిగతాది రెండు నెలల తర్వాత" అని ఆపేస్తారు. అది చేతగానితనం అనుకోకండి. అక్కడ ఆపడమే తెలివి.

గోడలో లేదా బయట ఉన్నవి కొన్నే అయితే లాప్రోస్కోపీ, అంటే పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తూ చేయడం. బాగా పెద్దవైనా, లెక్కకు మించి ఉన్నా పొట్ట తెరిచి చేయడం. దీన్ని సాధారణంగా బికినీ లైన్‌లో అడ్డంగా కోస్తారు, సిజేరియన్ లాగే.

"కీహోల్ అయితేనే మంచి ఆస్పత్రి" అన్న నమ్మకం ఒకటి పాతుకుపోయింది. లాప్రోస్కోపీలో నొప్పి తక్కువ, ఇంటికి తొందరగా వెళ్తారు, అది నిజమే. కానీ గర్భం కోసం చేసే ఆపరేషన్‌లో అన్నిటికంటే ముఖ్యం గడ్డ తీసిన గుంతను పొరలు పొరలుగా, గట్టిగా కుట్టడం. రేపు బిడ్డ పెరిగేటప్పుడు సాగాల్సింది ఆ గోడే. గడ్డలు పది, పన్నెండు ఉంటే చేత్తో తడిమి వెతికి తీయగలిగే ఓపెన్ ఆపరేషన్‌నే నేను ఎంచుకుంటాను. మీ డాక్టర్‌ని "ఎన్ని రంధ్రాలు?" అని కాకుండా "లోపల ఎన్ని పొరలు కుడతారు?" అని అడగండి.

లోపల అసలేం చేస్తారు? తలుచుకుంటేనే భయంగా ఉంది.

తెలిస్తే భయం కొంత తగ్గుతుంది, అందుకే చెబుతాను. ముందు గడ్డ ఉన్నచోట గర్భసంచిలోకి వాసోప్రెసిన్ అనే మందు ఎక్కిస్తాం. ఎర్రగా ఉన్న కండరం చూస్తుండగానే తెల్లగా పాలిపోతుంది. అంటే నాళాలు ముడుచుకున్నాయి, రక్తం తక్కువ పోతుంది. కొన్నిసార్లు గర్భసంచి మెడ చుట్టూ రబ్బరు గొట్టం కూడా బిగించి కడతాం. తర్వాత కండరం మీద ఒక గీత. గీత లోతుకు వెళ్తుంటే ఒకచోట ముత్యంలాంటి తెల్లటి నునుపు కనిపిస్తుంది. అదే గడ్డ. దానికీ కండరానికీ మధ్య పలచటి పొర ఉంటుంది. ఆ పొర వెంట వెళ్తే బత్తాయి తొక్కలోంచి కాయ ఊడినట్టు గడ్డ ఊడివస్తుంది. చేతిలో పట్టుకుంటే రబ్బరు బంతిలా గట్టిగా ఉంటుంది. కోసి చూస్తే లోపల చెక్కలో సుడుల్లాంటి చారలుంటాయి.

తీయడానికి పట్టే సమయం కంటే కుట్టడానికే ఎక్కువ సమయం పడుతుంది. లోపలి గది తెరుచుకుందా లేదా అన్నది అప్పుడే చూసి రాసుకుంటాం. దాని అవసరం తర్వాత, కాన్పు దగ్గర వస్తుంది. తీసిన గడ్డలన్నీ బయాప్సీకి వెళ్తాయి. ఆ రిపోర్టు తప్పకుండా తీసుకోండి.

నాకు రక్తం 7 ఉంది. వెంటనే చేసేయమంటున్నారు ఇంట్లోవాళ్ళు.

రక్తస్రావం ప్రాణం మీదకు రాకపోతే, ఆగండి. ఈ ఆపరేషన్‌లో ప్రధానమైన ప్రమాదం రక్తం పోవడమే. హిమోగ్లోబిన్ కనీసం 10 దాటాక బల్లెక్కడం మంచిది. ముందు నెలసరిని మందుతో ఆపి, సెలైన్‌లో ఐరన్ ఇంజెక్షన్ ఎక్కిస్తే కొన్ని వారాల్లోనే పెరుగుతుంది. ఐరన్ బిళ్ళ వేసుకుంటే నిమ్మరసంతో వేసుకోండి, టీ కాఫీలకు దూరంగా. విరేచనం నల్లగా వస్తే కంగారు పడొద్దు, అది బిళ్ళ రంగు. ఇంత సిద్ధమైనా మీ గ్రూపు రక్తం ముందే ఏర్పాటు చేసి ఉంచాలి. మీ తమ్ముడో మరిదో ముందురోజే బ్లడ్ బ్యాంకుకు వెళ్ళొస్తే ఆ రాత్రి అందరూ నిద్రపోగలరు.

మత్తులో ఉన్నప్పుడు గర్భసంచి తీసేస్తే?

చాలామంది పైకి అడగరు గానీ అందరి మనసులోనూ ఉండే ప్రశ్న ఇదే. అనుభవం ఉన్నచోట అలా తీయాల్సి రావడం నూటికి ఒకరికంటే తక్కువ. రక్తం ఏ విధంగానూ ఆగక ప్రాణం పోయే పరిస్థితి వస్తే తీయాల్సిందే. అది తప్ప వేరే కారణం చెల్లదు.

2008లో సుప్రీం కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పరీక్ష కోసం లాప్రోస్కోపీకి ఒప్పుకున్న 44 ఏళ్ళ మహిళ మత్తులో ఉండగా, బయట ఉన్న ఆమె తల్లి దగ్గర సంతకం తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. అది చెల్లదని కోర్టు చెప్పింది. ప్రాణాపాయం లేనప్పుడు, వయసొచ్చి స్పృహలోకి రాగలిగిన మనిషి తరఫున ఇంకొకరు ఒప్పుకోవడానికి లేదు. పరీక్షకు ఇచ్చిన అనుమతి తీసేయడానికి ఇచ్చినట్టు కాదు.

కాబట్టి సంతకం పెట్టే కాగితం మీద ఏం రాసుందో చదవండి. 'మయోమెక్టమీ' అని ఉండాలి. పక్కన 'హిస్టరెక్టమీ' (అంటే గర్భసంచి తీసేయడం) అని కూడా ఉంటే ఎందుకో అడగండి. "ప్రాణాపాయం వస్తే మాత్రమే" అని రాయించండి. భర్త సంతకం ఆస్పత్రులు అలవాటుగా అడుగుతాయి. మీ ఒంటికి మీ సంతకమే చాలు.

గడ్డను ముక్కలు చేసి తీస్తారట, క్యాన్సర్ పాకుతుందట, నిజమేనా?

లాప్రోస్కోపీలో పెద్ద గడ్డ చిన్న రంధ్రంలోంచి రాదు కాబట్టి మోర్సిలేటర్ అనే మరతో ముక్కలు చేస్తారు. ఆ గడ్డ పొరపాటున సార్కోమా అయితే పొట్టంతా చెల్లాచెదురయ్యే ప్రమాదం ఉందని 2014లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అప్పటినుంచి గడ్డను పొట్టలోనే ఒక సంచిలో వేసి, ఆ సంచి లోపల ముక్కలు చేసే పద్ధతి వచ్చింది. "బ్యాగులో తీస్తారా?" అని అడగడం మీ హక్కు.

పెళ్ళి కాని అమ్మాయికి చేయొచ్చా?

అవసరమైతే చేయొచ్చు. స్కానింగ్ పొట్ట మీద నుంచి చేస్తారు, చాలకపోతే ఎమ్మారై. పెళ్ళి సంబంధాల్లో ఈ సంగతి దాచాలా వద్దా అని అమ్మలు నన్ను అడుగుతారు. దాచిపెడితే రేపు కాన్పు సమయంలో ప్రమాదం మీ అమ్మాయికే. చెప్పుకోలేనంత తప్పు ఇందులో ఏముంది?

తర్వాత ఎన్నాళ్ళు విశ్రాంతి? పథ్యం?

హిస్టరోస్కోపీకి రెండు మూడు రోజులు, లాప్రోస్కోపీకి రెండు మూడు వారాలు, ఓపెన్‌కు ఆరు వారాలు. లాప్రోస్కోపీ తర్వాత భుజం నొప్పి వస్తే అది లోపల మిగిలిన గ్యాస్ వల్ల, రెండు రోజుల్లో పోతుంది. బిందెలు, గ్యాస్ సిలిండర్ ఎత్తొద్దు. మర్నాటి నుంచే మెల్లగా నడవండి.

పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వద్దని, నీళ్ళు తక్కువ తాగమని పెద్దవాళ్ళు ప్రేమతోనే చెబుతారు. కానీ కుట్టు మానడానికి కావాల్సింది మాంసకృత్తులే. పప్పు, గుడ్డు, చేప, ఆకుకూరలు అన్నీ తినండి. కారంపొడి అన్నంతో నెల రోజులు ఉంచితే మలబద్ధకం వస్తుంది, కుట్టు మీద ఒత్తిడి పడుతుంది. జ్వరం, దుర్వాసనతో స్రావం, కాలి పిక్క వాపు, పెరుగుతున్న కడుపునొప్పి ఉంటే మాత్రం ఫోన్ చేసి అడుగుతూ కూర్చోకుండా బయల్దేరి వచ్చేయండి.

మళ్ళీ వస్తాయా?

రావొచ్చు. తీసిన గడ్డ తిరిగి రాదు, కొత్తవి పుడతాయి. ఆపరేషన్ అప్పుడు కనిపించనంత చిన్నగా ఉన్నవి పెరుగుతాయి. ఐదేళ్ళలో స్కానింగ్‌లో ఎంతో కొంత కనపడటం మామూలే, కానీ మళ్ళీ ఆపరేషన్ దాకా వెళ్ళేది కొంతమందే. అందుకే పిల్లలు కావాలనుకుంటే ఆపరేషన్ అయ్యాక ఐదారేళ్ళు వాయిదా వేయకండి.

ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా?

ఆస్పత్రిని బట్టి, ఆపరేషన్ రకాన్ని బట్టి మారుతుంది. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరకు వెళ్ళి, "గర్భసంచి ఆపరేషన్" అని కాకుండా "మయోమెక్టమీ" అని పేరు పెట్టి అడగండి.

గర్భం కోసం ఎప్పుడు ప్రయత్నించాలి?

గోడను కోసి కుట్టినవాళ్ళు మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి. లోతుగా కోసి ఉంటే ఆరు. హిస్టరోస్కోపీ అయితే రెండు నెలసరులు చాలు. ఈలోగా కండోమ్ వాడండి. వయసు 37, 38 దాటినవాళ్ళు ఆగే ఈ నెలల్లో అండాల నిల్వ పరీక్ష చేయించుకుంటే ఆ తర్వాత ఏం చేయాలో ముందే తెలుస్తుంది.

కాన్పు మామూలుగా అవుతుందా, సిజేరియనా?

బయట వేలాడే గడ్డ తీసినవాళ్ళకు, లోపలి నుంచి చెక్కినవాళ్ళకు మామూలు కాన్పు కావొచ్చు. గోడను లోతుగా కోసి ఉంటే, లోపలి గది తెరుచుకుని ఉంటే, నొప్పులు మొదలవకముందే 37, 38 వారాల దగ్గర సిజేరియన్ చేస్తారు. నొప్పుల ఒత్తిడికి పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లే ప్రమాదం నూటికి ఒకరికంటే తక్కువే, కానీ చిట్లితే తల్లీబిడ్డా ఇద్దరూ ప్రమాదంలో పడతారు.

ఇక్కడే మన పద్ధతి వల్ల ఒక చిక్కు వస్తుంది. ఆపరేషన్ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అవుతుంది. తొలికాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది. అక్కడి డాక్టర్‌కు పొట్ట మీద మూడు చిన్న మచ్చలు తప్ప ఏమీ తెలియదు. "గడ్డలేవో తీశారండి" అంటే ఆవిడ ఏం నిర్ణయించగలదు? డిశ్చార్జి రోజునే ఆపరేషన్ నోట్స్ అడిగి తీసుకోండి. ఎన్ని గడ్డలు, ఎంత సైజు, ఎక్కడ, ఎంత లోతు, గర్భసంచి లోపలి పొర తెరుచుకుందా అన్న ఐదు విషయాలు అందులో ఉండాలి. ఒక కాపీ బీరువాలో, ఫోటో ఒకటి మీ ఫోన్‌లో, ఇంకోటి మీ అమ్మ ఫోన్‌లో. ఏడో నెలలో బస్సెక్కేటప్పుడు పసుపు కుంకుమ, చీరలు సర్దే సంచిలో అన్నిటికంటే పైన ఆ కాగితం పెట్టుకోండి.